జీఎం, క్రైస్లర్ బెయిలౌట్: అపోహలు - వాస్తవాలు

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో కార్ల కంపెనీల్లోనూ, వాటికి విడిభాగాలు చేసిచ్చే కంపెనీల్లోనూ పనిచేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్ కంపెనీలను అమెరికా ప్రభుత్వం తన డబ్బుతో కాపాడిన 2009 బెయిలౌట్ మీద వాదన తెలుగులోనూ గట్టిగానే నడుస్తుంది. కాకపోతే అది "కాపాడటం తప్పా, ఒప్పా" అన్నచోట మొదలై అక్కడే ఆగిపోతుంది. దివాలా ఫైళ్లు చూసేవాళ్లు ముందు అడిగే ప్రశ్నలు వేరు. డబ్బు ఏ రూపంలో వెళ్లింది, అప్పుగానా, వాటాగానా? వసూలు వరసలో ఎవరు ఎవరికన్నా ముందు నిలబడ్డారు? చలామణిలో ఉన్న అపోహల్లో ఎక్కువ భాగం ఈ రెండూ చూడకపోవడం వల్ల పుట్టినవే.

(కింద బిలియన్ అన్నచోటల్లా 100 కోట్లు అని చదువుకోండి. అంకెలన్నీ అమెరికా డాలర్లలోనే.)

అపోహ: ప్రభుత్వం డబ్బిచ్చి ఆ కంపెనీలు దివాలా తీయకుండా ఆపింది.

రెండూ దివాలా తీశాయి. క్రైస్లర్ 2009 ఏప్రిల్ 30న, జీఎం జూన్ 1న న్యూయార్క్ దివాలా కోర్టులో చాప్టర్ 11 కింద, అంటే కంపెనీని నడుపుతూనే అప్పులు తేల్చుకునే పద్ధతి కింద, పిటిషన్ వేశాయి. పాత జీఎం షేర్లు పట్టుకున్నవాళ్లకు చివరికి ఏమీ దక్కలేదు. ప్రభుత్వం కాపాడింది ఫ్యాక్టరీలను, బ్రాండ్లను, సరఫరా గొలుసును. పాత యజమానులను కాదు.

దీనికి వాడిన పనిముట్టు దివాలా చట్టంలోని సెక్షన్ 363. మామూలు చాప్టర్ 11లో అప్పులవాళ్లను తరగతులుగా విడదీసి, ప్రణాళిక రాసి, ఓటింగ్ పెట్టి, కోర్టు ఆమోదం తీసుకోవాలి. పెద్ద కంపెనీకైతే అది ఏళ్ల వ్యవహారం. జీఎం నుంచి విడిపోయిన విడిభాగాల కంపెనీ డెల్ఫీ 2005 అక్టోబరులో పిటిషన్ వేసి 2009 దాకా కోర్టులోనే ఉంది. 363లో ఓటింగ్ ఉండదు. పనికొచ్చే ఆస్తులను, పాత అప్పుల పీటముడి తగలకుండా, ఒక కొత్త కంపెనీకి అమ్మేస్తారు. పనికిరానివి, తీర్చలేనివి పాత కంపెనీలో మిగిలిపోతాయి. షెవర్లే, క్యాడిలాక్, బ్యూయిక్, జీఎంసీ కొత్త జీఎంకు వెళ్లాయి. మూతపడ్డ ఫ్యాక్టరీలు, కాలుష్య బాధ్యతలు, బాండ్ల అప్పు పాతదానికి మిగిలాయి. ఆ పాతదాని పేరు మోటార్స్ లిక్విడేషన్ కంపెనీగా మారింది. కొత్త జీఎం జూలై 10న బయటికొచ్చింది. అంటే 40 రోజుల్లో పని అయిపోయింది.

మన దివాలా చట్టం, ఐబీసీ, తెలిసినవాళ్లకు ఇక్కడొక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఐబీసీలో రిజల్యూషన్ ప్లాన్‌కు రుణదాతల కమిటీ ఓటు తప్పనిసరి. జీఎం వ్యవహారంలో కొనేవాడు, మధ్యలో అప్పిచ్చేవాడు, గడువు పెట్టేవాడు ఒక్కడే, అమెరికా ట్రెజరీ, అంటే అక్కడి ఆర్థిక శాఖ. ఈ ఏర్పాటు మీద విమర్శకు గట్టి ఆధారమే ఉంది.

అపోహ: ప్రభుత్వం కలగజేసుకోకపోయినా దివాలా కోర్టు చూసుకునేది.

చాప్టర్ 11లోకి వెళ్లిన కంపెనీ నడవాలంటే రోజూ నగదు కావాలి. జీతాలు, స్టీలు, కరెంటు, వారంటీ రిపేర్లు ఏవీ ఆగవు. ఆ నగదును కొత్త రుణదాత ఇస్తాడు. బదులుగా పాత అప్పులవాళ్లందరికన్నా ముందు వసూలు చేసుకునే హక్కు కోర్టు అతనికి ఇస్తుంది. దీన్నే డిప్ ఫైనాన్స్ అంటారు. జీఎంకు అలా కావాల్సి వచ్చింది సుమారు 33 బిలియన్లు. అందులో అమెరికా వాటా 30.1, మిగతాది కెనడాది. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలాక అంత మొత్తం ఇవ్వగల ప్రైవేటు బ్యాంకు లేదు. సిటీబ్యాంక్ లాంటివే ప్రభుత్వ సాయం మీద నిలబడి ఉన్నాయి. డిప్ లేని చాప్టర్ 11 కొద్ది వారాల్లోనే చాప్టర్ 7 అవుతుంది. అంటే తాళం వేసి తుక్కుకు అమ్మడమే.

ఇంకో సంగతి. దివాలా తీసిన కంపెనీ దగ్గర విమానం టికెట్ కొనొచ్చు, రెండు గంటల్లో పని అయిపోతుంది. కారు కొన్నవాడికి ఐదేళ్ల పాటు వారంటీ, స్పేర్ పార్టులు కావాలి. అందుకే 2009 వసంతంలో ట్రెజరీ వారంటీలకు విడిగా హామీ ఇచ్చింది. సప్లయర్ల బకాయిలకు 5 బిలియన్ల వరకు ఇంకో పథకం పెట్టింది. వాదనల్లో ఈ రెండూ ఎవరికీ గుర్తుండవు. కోర్టులో ఉన్న రోజుల్లో షోరూముల్లో బేరాలు పూర్తిగా పడిపోకుండా ఆపినవాటిలో ఇవి ముఖ్యమైనవి.

అపోహ: గంటకు 73 డాలర్ల కూలీ కంపెనీని ముంచింది.

ఈ అంకె ఎలా వచ్చిందో విప్పి చూడాలి. అప్పట్లో అసెంబ్లీ లైను కార్మికుడి మూల వేతనం గంటకు సుమారు 28 డాలర్లు. ఓవర్‌టైం, సెలవు జీతం కలిపితే 40 దాకా. ఆరోగ్య బీమా, పెన్షన్ వాటా కలిపితే 55 దాకా. అక్కడి నుంచి 70 పైకి ఎలా చేరింది? ఎప్పుడో రిటైరైనవాళ్ల పెన్షన్, వైద్య ఖర్చును ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల గంటలతో భాగించి కలిపారు. ఆ డబ్బు ఇప్పటి కార్మికుడి చేతికి రాదు.

భాగహారం ఎలా మోసం చేస్తుందో చూడండి. ఉదాహరణకు రిటైరైనవాళ్ల ఖర్చు 100 కోట్లు, పని గంటలు 10 కోట్లు అనుకుందాం. గంటకు 10 పడుతుంది. సగం మందిని ఇంటికి పంపితే గంటలు 5 కోట్లవుతాయి, అంకె 20 అవుతుంది. ఒక్కరికీ పైసా జీతం పెరగలేదు. అయినా కాగితం మీద "కూలీ" పెరిగింది. కంపెనీ కుంచించుకుపోయిన కొద్దీ కార్మికుడు ఖరీదైనవాడిగా కనిపిస్తాడు.

అమెరికాలోనే ఉన్న టొయోటా, హోండా ఫ్యాక్టరీల్లో ఇదే లెక్క సుమారు 45. కాబట్టి తేడా ఉన్న మాట నిజం. కానీ కారు ఖర్చులో కార్మికుల వాటా సుమారు 10 శాతమే. 2007 ఒప్పందంలో కార్మిక సంఘం యూఏడబ్ల్యూ కొత్తగా చేరేవాళ్లకు 14 డాలర్ల వేతనానికీ, రిటైరైనవాళ్ల వైద్య ఖర్చును కంపెనీ పుస్తకాల్లోంచి తీసి వీబా అనే ట్రస్టుకు మార్చడానికీ ఒప్పుకుంది. ఆ మార్పు ఫలితం ఇంకా కంపెనీ పద్దుల్లోకి రాకముందే సంక్షోభం వచ్చిపడింది.

అసలు గుదిబండ వైద్య ఖర్చు. 2005 ప్రాంతంలో జీఎం 11 లక్షల మంది ఉద్యోగుల, రిటైరైనవాళ్ల, కుటుంబసభ్యుల వైద్యం భరించేది. దేశమంతటికీ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఉన్న జపాన్‌లో టొయోటాకు ఈ బరువు లేదు. దీన్ని కార్మికుడి అత్యాశగా చెప్పడం అన్యాయం. 1950 నుంచి ప్రతి ఒప్పందం మీదా యాజమాన్యమూ సంతకం పెట్టింది. ఈ ఏడాది జీతం పెంచే బదులు ఎప్పుడో ఇవ్వాల్సిన పెన్షన్‌కు మాట ఇవ్వడం దానికి సుఖంగా ఉండేది.

ఆ పైన లాభమంతా పికప్‌లు, పెద్ద ఎస్‌యూవీల మీదే ఉంది. 2008 వేసవిలో గ్యాలన్ పెట్రోలు 4 డాలర్లు దాటేసరికి ఆ బండ్లు కదల్లేదు. తర్వాత అప్పు పుట్టక అన్ని బండ్లూ ఆగిపోయాయి. అమెరికాలో ఏడాది అమ్మకాలు 2007లో సుమారు 1.6 కోట్లు, 2009లో 1.04 కోట్లు. మూడో వంతు పైగా మార్కెట్ మాయమైతే, స్థిర ఖర్చులు అంతగా ఉన్న ఏ కంపెనీ నగదూ నెలల్లోనే కరిగిపోతుంది.

అపోహ: బాండ్లవాళ్లకు ఎగ్గొట్టి యూనియన్‌కు పంచారు.

ఇందులో సగం నిజం ఉంది, దాచాల్సిన పనిలేదు. జీఎం బాండ్ల అప్పు సుమారు 27 బిలియన్లు. దానికి కొత్త కంపెనీలో 10 శాతం వాటా, ఇంకో 15 శాతం కొనుక్కునే వారంట్లు వచ్చాయి. యూఏడబ్ల్యూ ట్రస్టుకు, అంటే పైన చెప్పిన వీబాకు, రావాల్సింది సుమారు 20 బిలియన్లు. దానికి 17.5 శాతం వాటా, 6.5 బిలియన్ల ప్రిఫరెన్స్ షేర్లు (మామూలు షేర్లకన్నా ముందు డివిడెండ్ దక్కేవి), 2.5 బిలియన్ల నోటు (అప్పు పత్రం) వచ్చాయి. రెండూ తనఖా లేని అప్పులే. వరసలో సమానమే. ట్రస్టుకు మెరుగ్గా దక్కింది.

ప్రభుత్వం తరఫు వాదన ఇదీ: 363లో కొనేవాడు తనకు కావాల్సిన బాధ్యతలను ఎంచుకోవచ్చు. కార్మికులు లేకుండా కొత్త కంపెనీ నడవదు, పాత బాండ్లవాళ్లు లేకపోయినా నడుస్తుంది. సరుకు ఆగకుండా రావాలని సప్లయర్ పాత బకాయిని ముందే తీర్చడం లాంటిదే ఇది. చట్టం ప్రకారం నిలబడే వాదనే. న్యాయం సంగతి వేరు. డెల్ఫీలో గంటల లెక్కన పనిచేసి రిటైరైన యూఏడబ్ల్యూ సభ్యుల పెన్షన్ లోటును కొత్త జీఎం పూడ్చింది. అదే డెల్ఫీలో నెల జీతం మీద పనిచేసిన సుమారు 20,000 మందికి పూడ్చలేదు. వాళ్ల కోపానికి కారణం ఉంది.

క్రైస్లర్‌లో గొడవ ఇంకా పదునైనది. అక్కడ 6.9 బిలియన్ల అప్పు తనఖా ఉన్నదే. డాలరుకు 29 సెంట్ల చొప్పున 2 బిలియన్ల నగదిచ్చి ముగించారు. లిక్విడేషన్‌లో అంతకన్నా తక్కువే వచ్చేదని కోర్టు అంది. ఆ అప్పులో వాటా ఉన్న ఇండియానా రాష్ట్ర పెన్షన్ ఫండ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2009 జూన్ 9న కోర్టు అమ్మకాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. మర్నాడే ఒప్పందం పూర్తయింది.

అపోహ: ఫోర్డ్ నయాపైసా తీసుకోలేదు.

బ్యాంకుల కోసం పెట్టిన టార్ప్ నిధి నుంచి తీసుకోలేదు. అది నిజం. 2006 చివర్లో, మార్కెట్‌లో అప్పు ఇంకా చౌకగా పుడుతున్నప్పుడు, ఫ్యాక్టరీలతో పాటు నీలం రంగు ఓవల్ లోగోను కూడా తాకట్టు పెట్టి 23.6 బిలియన్లు తెచ్చుకుంది. 2008 జూన్‌లో జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను టాటా మోటార్స్‌కు 2.3 బిలియన్లకు అమ్మింది. కానీ 2009లోనే ఇంధనం ఆదా చేసే కార్ల కోసమని ఇంధన శాఖ నుంచి 5.9 బిలియన్ల చౌక అప్పు తీసుకుంది. కార్ల లోన్లిచ్చే ఫోర్డ్ క్రెడిట్, కంపెనీల స్వల్పకాలిక అప్పు పత్రాలు కొనడానికి ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) పెట్టిన కమర్షియల్ పేపర్ పథకాన్నీ వాడుకుంది. పైగా ఫోర్డ్ అధిపతి అలన్ ములాలీ పోటీ కంపెనీలకు సాయం చేయమని కాంగ్రెస్ ముందు తానే చెప్పారు. సీట్లు, యాక్సిళ్లు, వైరింగ్ చేసే సప్లయర్లు మూడు కంపెనీలకూ ఉమ్మడి. జీఎం బకాయి కట్టకపోతే ఆ సప్లయర్ మూతపడతాడు, ఆ వారమే ఫోర్డ్ లైను కూడా ఆగుతుంది.

అపోహ: అదంతా ఒబామా పని.

మొదటి 17.4 బిలియన్లు ప్రకటించింది బుష్, 2008 డిసెంబరు 19న. అంతకు ఎనిమిది రోజుల ముందు సెనేట్‌లో బిల్లు ఆగిపోయింది.

అపోహ: జీఎం అప్పంతా వడ్డీతో సహా, గడువుకు ఐదేళ్ల ముందే తీర్చేసింది.

2010 ఏప్రిల్ నాటి టీవీ ప్రకటన చాలామంది బుర్రల్లో ఇలాగే నాటుకుపోయింది. అమెరికా ట్రెజరీ జీఎంలో పెట్టింది 49.5 బిలియన్లు. అందులో కొత్త జీఎం పుస్తకాల్లో అప్పుగా మిగిలింది 6.7 మాత్రమే. 2.1 ప్రిఫరెన్స్ షేర్లయింది. మిగతాదాంట్లో దాదాపు మొత్తానికి దక్కింది 60.8 శాతం వాటా. తీర్చింది ఆ 6.7 మాత్రమే. ఆ తీర్చిన డబ్బు కూడా కార్లు అమ్మి సంపాదించినది కాదు. ఎస్క్రో ఖాతాలో, అంటే షరతుల మీద పక్కన పెట్టే ఖాతాలో, ఉంచిన టార్ప్ డబ్బులోంచే కట్టారు. ప్రభుత్వ డబ్బే కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మారింది. టార్ప్ ప్రత్యేక ఆడిటర్ అప్పుడే ఈ మాట చెప్పారు.

వాటా మీద అసలు దక్కాలంటే షేరుకు సుమారు 44 డాలర్లు రావాలి. 2010 నవంబరు ఐపీఓలో వచ్చింది 33. అక్కడ చౌకగా అమ్మినందువల్ల మిగిలిన షేర్లకు రావాల్సిన ధర 53 దాకా పెరిగింది. 2013 డిసెంబరు 9న చివరి షేరు అమ్మేనాటికి ధర 40 ప్రాంతంలోనే ఉంది. జీఎం మీద మొత్తం నష్టం సుమారు 11 బిలియన్లు. క్రైస్లర్ మీద 1.3. జీఎం కార్లకు లోన్లిచ్చే జీమ్యాక్, అంటే ఇప్పటి అల్లీ మీద లాభం వచ్చింది. అంతా కలిపి వెళ్లింది సుమారు 80 బిలియన్లు, తిరిగొచ్చింది 70కి కాస్త పైన. దీని మీద పన్నుల సంగతి ఒకటుంది. సాధారణంగా యాజమాన్యం మారితే పాత నష్టాలను కొత్త లాభాల్లోంచి తీసేసుకునే హక్కు బాగా తగ్గిపోతుంది. ప్రభుత్వం ఆ నిబంధనను జీఎంకు వర్తించకుండా చేసింది. ఆ తర్వాతి ఏళ్లలో కట్టకుండా మిగిలిన పన్ను పై లెక్కలో ఎక్కడా లేదు.

అపోహ: 2013లో ప్రభుత్వం బయటికి రావడంతో కథ ముగిసింది.

2014 ఫిబ్రవరిలో జీఎం ఇగ్నిషన్ స్విచ్‌ల రీకాల్ మొదలుపెట్టింది. షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ లాంటి చిన్న కార్లు సుమారు 26 లక్షలు. స్విచ్ లోపల తాళం స్థానాన్ని పట్టి ఉంచే చిన్న ప్లంజర్, దాని కింద స్ప్రింగ్ ఉంటాయి. తాళం తిప్పడానికి పట్టే బలం డిజైన్‌లో రాసుకున్నదానికన్నా తక్కువ ఉంది. బరువైన తాళాల గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా, రోడ్డు మీద గుంత వచ్చినా తాళం "రన్" నుంచి "యాక్సెసరీ"కి జారిపోతుంది. ఇంజిన్ ఆగుతుంది, పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకుకు దన్ను తగ్గుతుంది. అన్నిటికన్నా ఘోరం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. నష్టపరిహార నిధి లెక్కలో మృతులు 124 మంది.

బాధితులు దావా వేస్తే కంపెనీ చూపించింది 2009 జూలై నాటి అమ్మకం ఉత్తర్వునే. పాత బాధ్యతలు అంటకుండా కొన్నాం, పాత కంపెనీని అడగండి అంది. పాత కంపెనీలో పెద్దగా మిగిలిందేమీ లేదు. 2015లో దివాలా కోర్టు చాలా వరకు ఆ మాటే ఒప్పుకుంది. 2016 జూలైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును చాలా వరకు తోసిపుచ్చింది. స్విచ్ లోపం పాత జీఎంకు తెలుసు, లేదా తెలిసి ఉండాలి. అయినా ఆ కార్లవాళ్లకు విడిగా నోటీసు ఇవ్వలేదు. నోటీసు అందనివాడి హక్కును ఆ ఉత్తర్వు తుడిచేయలేదని తేల్చింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీఎం అప్పీలును విచారణకు తీసుకోలేదు.