సాల్జ్‌బర్గ్ దర్శనం: అపోహలు - వాస్తవాలు

తెలుగు కుటుంబాలకు మధ్య ఐరోపా యాత్రలు రూపొందించి, వెంట ఉండి చూపించడం నా వృత్తి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ప్రస్తావన వచ్చినప్పుడు వినిపించే అభిప్రాయాల్లో కొన్ని యాత్రికుల సమయాన్నీ డబ్బునూ వృథా చేస్తాయి. మరికొన్ని ఆ నగరాన్ని సరిగా చూడనివ్వవు.

అపోహ: మ్యూనిక్ నుంచి వియన్నా వెళ్లే దారిలో రెండు మూడు గంటలు ఆగితే సరిపోతుంది.

వాస్తవం: 1996లో యునెస్కో వారసత్వ హోదా పొందిన పాత నగరం, సాల్జాక్ నదికీ నిటారు కొండలకూ నడుమ ఇరుకుగా ఒదిగి ఉండటం వల్ల, ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి నిజంగానే ఎక్కువసేపు పట్టదు. అయితే నడిచి వెళ్లడం వేరు, చూడటం వేరు. కొండ మీది కోటకే ఒక పూట పడుతుంది. నేను కనీసం రెండు రాత్రుల బస సూచిస్తాను. పగలంతా టూరిస్టు బృందాలతో కిక్కిరిసే గెట్రైడెగాసె వీధి, సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక ఖాళీ అవుతుంది. దుకాణాల ముందు వేలాడే ఇనుప నగిషీ గుర్తులను, ఒక వీధి నుంచి మరో వీధికి ఇళ్ల కిందుగా సాగే కమాను దారులను అప్పుడే తీరికగా చూడగలరు.

అపోహ: సంగీతకర్త మోజార్ట్ జన్మగృహం చూస్తే సాల్జ్‌బర్గ్ చూసినట్లే.

వాస్తవం: 1756 జనవరి 27న మోజార్ట్ పుట్టిన ఇల్లు తప్పక చూడదగినదే, ఆయన చిన్ననాటి వయొలిన్ అక్కడ ఉంది. కానీ 1773లో ఆ కుటుంబం నది అవతల ఉన్న విశాలమైన ఇంటికి మారిందని, అది కూడా మ్యూజియమేనని చాలామందికి తెలియదు. జన్మగృహంలోని ఇరుకు గదుల్లో రద్దీ భరించలేని పెద్దవారికి నేను ఈ రెండో ఇంటినే సూచిస్తాను.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మోజార్ట్ పుట్టేనాటికి సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో భాగం కాదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఆర్చ్‌బిషప్‌లే ప్రభువులుగా పాలించిన ప్రత్యేక రాజ్యమది. ఆస్ట్రియాలో స్థిరంగా కలిసింది 1816లో. ఆ మతాధిపతుల ఖజానాను నింపినది హాలైన్ ప్రాంతపు గనుల్లోని ఉప్పు. 1628లో ప్రతిష్ఠ జరిగిన కెథడ్రల్, ఆర్చ్‌బిషప్ వోల్ఫ్ డీట్రిక్ తన ప్రేయసి సలోమె ఆల్ట్ కోసం 1606లో కట్టించిన భవనం స్థానంలోని నేటి మిరాబెల్ ప్యాలెస్, నీటి చమత్కారాలతో అతిథులను తడిపే హెల్‌బ్రున్ వేసవి విడిది, ఇవన్నీ వారి పాలన మిగిల్చిన ఆనవాళ్లే. ఈ నేపథ్యం తెలుసుకుని చూస్తే, ఇంత చిన్న ఊరిలో అంత పెద్ద చర్చిలు, చౌకులు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

అపోహ: మోకాళ్ల నొప్పులున్నవారు కొండ మీది దృశ్యాలను వదులుకోవాల్సిందే.

వాస్తవం: 1077లో మొదలైన హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోటకు 1892 నుంచి ఫ్యునిక్యులర్ (వాలు మీద తాడు లాగే) రైలు నడుస్తోంది. పైన మెట్లు, రాతి పరుపు దారులు ఉన్న మాట నిజమే కనుక, లోపలి గదులన్నీ చూడాలని పట్టుబట్టకుండా నగరం కనిపించే చోట కూర్చోవచ్చు. అదీ కష్టమైతే, మ్యోంక్స్‌బెర్గ్ కొండ లోపల నడిచే లిఫ్టు నేరుగా ఆ కొండ పైకి చేరుస్తుంది.

ఆ కొండను చూసేటప్పుడు ఒక దృశ్యాన్ని గమనించమని కోరతాను. 1669లో కొండచరియ విరిగిపడి రెండు వందల మందికి పైగా మరణించారు. అందుకే నేటికీ ప్రత్యేక సిబ్బంది తాళ్లకు వేలాడుతూ, రాతిని పనిముట్లతో తట్టి చూసి, వదులైన పెచ్చులను ముందే రాల్చేస్తారు. అందరూ కెమెరాలను కోట వైపు తిప్పుతారు గానీ, ఆ కొండ కింద ఊరు నిలిచి ఉందంటే వీరి శ్రమ కూడా కారణమే.

అపోహ: "ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్" సినిమాలో చూపినట్లు, ఆ కథకు ఆధారమైన ట్రాప్ కుటుంబం ఇక్కడి కొండలు దాటి స్విట్జర్లాండ్ చేరింది.

వాస్తవం: ఆ కుటుంబం 1938లో రైలులో ఇటలీ వెళ్లింది. స్విట్జర్లాండ్ సరిహద్దు ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఎదురుగా కనిపించే ఉంటర్స్‌బెర్గ్ కొండ దాటితే వచ్చేది జర్మనీ.

అపోహ: జూలై, ఆగస్టు వేసవి నెలలు కాబట్టి వాన ఉండదు.

వాస్తవం: ఆల్ప్స్ పర్వతాలు మేఘాలను అడ్డుకోవడం వల్ల ఈ నగరంలో వానలు ఎక్కువగా పడేది వేసవిలోనే. పైగా 1920లో ఆరంభమైన సంగీత, నాటకోత్సవం కూడా అప్పుడే జరుగుతుంది కనుక గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. పిల్లల సెలవుల ఇబ్బంది లేనివారికి మే లేదా సెప్టెంబరు మేలు. ఏ నెలలో వెళ్లినా గొడుగు, జారని బూట్లు తప్పనిసరి.

అపోహ: హాల్‌స్టాట్ పక్కనే ఉంది, మధ్యాహ్నం వెళ్లి రావచ్చు.

వాస్తవం: ఆ సరస్సు గ్రామం ఎగువ ఆస్ట్రియా రాష్ట్రంలో ఉంది. ప్రజా రవాణాలో వెళితే బాడ్ ఇష్ల్ పట్టణం వరకు బస్సు, అక్కడి నుంచి రైలు, దిగాక సరస్సు దాటడానికి పడవ ఎక్కాలి. ఒకవైపు ప్రయాణానికే రెండున్నర గంటల వరకు పడుతుంది. దానికి పూర్తి రోజు కేటాయించి ఉదయం మొదటి బస్సుల్లోనే బయలుదేరండి, తిరుగు పడవ, రైలు వేళలను గ్రామంలోకి అడుగుపెట్టే ముందే చూసుకోండి.