వేలు తగలని చోటికి అల్ట్రాసౌండ్: లింఫ్ గ్రంథుల సర్జరీ వెనక 125 ఏళ్లు

గర్భాశయ క్యాన్సర్‌కు రోబో ఆపరేషన్ చేసే సర్జన్ రోగి పక్కన నిలబడరు. కొన్ని అడుగుల దూరంలో కన్సోల్‌కు కళ్లు ఆనించి కూర్చుంటారు. కటి లోపలి రక్తనాళాలు పది రెట్లు పెద్దవై, లోతుతో సహా కనిపిస్తుంటాయి. ఇంత చూపు ఉండీ, ఇలియాక్ అనే పెద్ద సిరను ఆనుకుని కొవ్వులో కూరుకుపోయిన లింఫ్ గ్రంథి మెత్తగా ఉందో, క్యాన్సర్ చేరి గట్టిపడిందో మాత్రం వారికి తెలియదు. వేలు తగలదు కదా! 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్చి 5 రోబోలో ఒత్తిడి తెలిసే పరికరాలు వచ్చాయి గానీ, అంతకుముందు మోడళ్లలో ఆ ఏర్పాటు లేదు. ఆపరేషన్ మధ్యలో కడుపులోకి అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ధ్వని తరంగాలతో బొమ్మ తీసే చిన్న పరికరం) దింపి గ్రంథుల్ని చూడటానికి ఒక కారణం ఈ లోటే. అసలు ఏ గ్రంథి తీయాలి, ఏది వదలాలి అన్న తగువు మాత్రం రోబోకన్నా వందేళ్లు పాతది.

1898లో వియన్నాలో ఎర్నెస్ట్ వెర్తైమ్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్ మొదలుపెట్టారు. ఆయన గ్రంథులన్నీ తీసేవారు కాదు. ఉబ్బినవి చేతికి తగిలితే వాటినే తీసేవారు. 1940లలో బోస్టన్‌లో జో మెగ్స్‌ అది చాలదన్నారు, కటిలోని గ్రంథుల్ని వరసబెట్టి తీయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలాకాలం నడిచింది మెగ్స్ బాటే. గర్భాశయ లోపొర క్యాన్సర్ ఏ దశలో ఉందో ఆపరేషన్‌లో బయటపడినదాన్ని బట్టే తేల్చాలని స్త్రీవైద్యుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో 1988లో చెప్పడంతో గ్రంథులు తీయడం ఇంకా మామూలైపోయింది.

దాని ఫలితం చాలామంది రోగుల కాళ్లలో కనబడింది. లింఫ్ ద్రవం పోయే దారి తెగి, కాలు బరువెక్కి వాచిపోతుంది. బోదకాలు ఎరిగిన మన జిల్లాలవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ దోమ లేదు, పురుగు లేదు, సర్జన్ కత్తే కారణం. పోనీ ప్రాణమన్నా నిలిచిందా? 2008లో ఇటలీ నుంచి 514 మందితో, 2009లో బ్రిటన్ ఆధ్వర్యంలో 1,408 మందితో జరిగిన అధ్యయనాలు వచ్చాయి. తొలిదశ గర్భాశయ లోపొర క్యాన్సర్‌లో గ్రంథులన్నీ తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని రెండూ తేల్చాయి.

అన్నిటికన్నా ఆలోచనలో పడేసింది 2019లో వచ్చిన లయన్ అధ్యయనం. ముదిరిన అండాశయ క్యాన్సర్ ఉన్న 647 మందిని తీసుకున్నారు. ఆపరేషన్‌కు ముందూ, ఆపరేషన్‌లోనూ గ్రంథులు మామూలుగానే ఉన్నాయని సర్జన్లు నిర్ధారించుకున్నవారే అందరూ. సగంమందికి గ్రంథులు తీశారు, సగంమందికి వదిలేశారు. తీసినవారిలో 55.7 శాతం మందికి, బాగున్నాయనుకున్న ఆ గ్రంథుల్లోనే క్యాన్సర్ దొరికింది. చెయ్యీ కన్నూ అంతగా మోసపోయాయన్నమాట. విచిత్రం ఏమిటంటే, తీసినవారి మధ్యస్థ జీవితకాలం 65.5 నెలలు, తీయనివారిది 69.2. పైగా ఆపరేషన్ జరిగిన 60 రోజుల్లోపు మరణాలు తీసినవారిలో 3.1 శాతం, తీయనివారిలో 0.9 శాతం. క్యాన్సర్‌ను కనిపెట్టడం వేరు, దాన్ని తీసినందుకు రోగి బాగుపడటం వేరు. అల్ట్రాసౌండ్ గురించి మాట్లాడే ముందు ఈ అంకెలు చూసుకోవాలంటాను. చేతికన్నా బాగా చూసే సాధనం దొరికిందని మళ్లీ మెగ్స్ కాలానికి పోయే ప్రమాదం లేకపోలేదు.

ఈలోగా గర్భాశయ క్యాన్సర్‌కు మధ్యేమార్గం దొరికింది. ముఖద్వారం దగ్గర రంగు ఎక్కించి, అది మొదట చేరే గ్రంథిని మాత్రమే తీసి పరీక్షిస్తారు. రోబో ఆపరేషన్లతోనే జరిగిన 2017 నాటి ఫైర్స్ అధ్యయనంలో, రంగు పట్టిన గ్రంథి ఉన్నవారి వరకు, గ్రంథుల్లోకి క్యాన్సర్ చేరినవారిలో 97.2 శాతం మందిని ఈ పద్ధతి పట్టుకుంది. కానీ రెండు వైపులా రంగు పట్టింది సుమారు సగంమందికే. ఇంకో చిక్కుంది. గ్రంథి నిండా క్యాన్సర్ పేరుకుంటే లింఫ్ దారి మూసుకుపోయి రంగు పక్కదారి పడుతుంది. అంటే, అన్నిటికన్నా చెడిన గ్రంథికే రంగు అంటకపోవచ్చు. అందుకే రంగు పట్టినా పట్టకపోయినా అనుమానం ఉన్న గ్రంథిని తీయాల్సిందేనని మార్గదర్శకాలు చెబుతాయి. తడిమే వీలు లేనప్పుడు ఆ అనుమానం ఎలా రావాలి?

ఇక్కడికే అల్ట్రాసౌండ్ వస్తుంది. నిజానికి అది స్త్రీల వైద్యంలోనే పెరిగి పెద్దదైంది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రాన్ని పొట్ట మీద ప్రయత్నించి, 1958లో ఆ ఫలితాలు ప్రచురించారు. కాలేయ ఆపరేషన్లలోకి దాన్ని తెచ్చినవారిలో జపాన్ సర్జన్ మసతోషి మకుచి ముఖ్యులు. రోబో వచ్చాక కిడ్నీలో గడ్డ అంచులు చూసుకోవడానికి వాడారు.

పని ఇలా జరుగుతుంది. పొట్టకు వేసిన రంధ్రంలోంచి సహాయకుడు చిన్న ప్రోబ్‌ను లోపలికి దించుతాడు. సర్జన్ దాని వీపు మీది రెక్కను రోబో పటకారుతో పట్టుకుని రక్తనాళాల వెంబడి జరుపుతారు. స్కాన్ బొమ్మ కన్సోల్‌లోనే కెమెరా దృశ్యం పక్కన కనిపిస్తుంది. మంచి గ్రంథి కోలగా, నడుమ తెల్లటి కొవ్వుతో ఉంటుంది. క్యాన్సర్ చేరితే గుండ్రమవుతుంది, ఆ తెలుపు చెరిగిపోతుంది, రక్తం కదలికను చూపే డాప్లర్‌లో రక్తప్రసారం అంచుల నుంచి కనబడుతుంది. బయటి నుంచి తీసే సీటీలో సాధారణంగా 10 మిల్లీమీటర్లు దాటితేనే గ్రంథిని అనుమానిస్తారు. ప్రోబ్ గ్రంథి పక్కనే ఉంటుంది కాబట్టి చిన్న గ్రంథి ఆకారం కూడా తెలుస్తుంది. అయినా 2 మిల్లీమీటర్ల లోపు ఉండే సూక్ష్మ క్యాన్సర్ దీనికి చిక్కదు. దానికి, తీసిన గ్రంథిని మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజిస్టే దిక్కు. రంగుకు ఇది పోటీ అనడం అందుకే సరికాదు. రంగు మొండికేసిన వైపున, సీటీలో అనుమానం వచ్చిన గ్రంథిని వెతుక్కునేటప్పుడు, ఒకసారి ఆపరేషన్ అయిన చోట క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు దీని అవసరం ఎక్కువ.

ముఖద్వార క్యాన్సర్‌లో దీని పరిధి కుంచించుకుపోయింది. రోబో, లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) పద్ధతుల్లో ఫలితాలు అధ్వానంగా ఉన్నాయని 2018లో లాక్ అధ్యయనం చూపాక, పెద్ద ఆపరేషన్‌కు చాలామంది సర్జన్లు మళ్లీ పొట్ట కోయడానికే మళ్లారు. అక్కడ చెయ్యి ఎలాగూ లోపలికి వెళ్తుంది. గర్భాశయ లోపొర క్యాన్సర్‌లో మాత్రం రోబో నిలిచింది, ప్రోబ్ పని కూడా ఎక్కువగా అక్కడే.