రందికి పీరియడ్ ఏది? పాలమూరు, నల్లగొండ బడుల్లో ‘మనసు చదువు’ వెనకటి కథ

పాలమూరు పల్లెల్లో దిగులును రంది అంటారు, భయాన్ని బుగులు అంటారు. ఇల్లు యాదికొచ్చిన పిల్లగాడు ‘పానం గుంజుతుంది’ అంటాడు. శిక్షణలో టీచర్లకు చూపించే చార్టుల మీద మాత్రం ఆందోళన, విచారం, ఉద్వేగం అని ఉంటుంది. ఐదో తరగతి పిల్లను ‘ఈ రోజు నీ ఉద్వేగం ఏమిటి’ అని అడిగితే పక్కపిల్ల ముఖం చూస్తుంది. ‘ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా’ అంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. సామాజిక, భావోద్వేగ అభ్యసనం అన్న పెద్ద పేరుతో ఇప్పుడు బడికి వస్తున్న పని ఈ జిల్లాలకు కొత్తది కాదు. పేరే కొత్తది.

ఆ పేరు 1994లో అమెరికాలో, క్యాసెల్ అనే సంస్థతో పాటు ప్రచారంలోకి వచ్చింది. తన మనసు తాను ఎరగడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ళ బాధ తెలుసుకోవడం, నలుగురితో కలిసి మెలగడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం అని వాళ్ళు ఐదు భాగాలు చేశారు. దాదాపు అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది జీవన నైపుణ్యాల జాబితా ఇచ్చింది. మన దగ్గర ఇంకా ముందే, 1964-66 కొఠారి కమిషన్, పది ఉన్నత పాఠశాలలకు కలిపి ఒక కౌన్సెలర్ తిరుగుతూ ఉండాలని చెప్పింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు, పండితుడు, పీఈటీ ఉంటారు. కౌన్సెలర్ పోస్టు నేటికీ లేదు. ఆ పని ఎవరి నెత్తిన పడిందో చూస్తేనే ఈ కథ అర్థమవుతుంది.

ముందుగా పడింది హాస్టల్ మీద. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెల్లోని తెలివైన పిల్లలకు మంచి చదువు అందించడం దాని ఉద్దేశం. దాని దారిలోనే తర్వాత ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, బీసీ గురుకులాలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక వాటి సంఖ్య బాగా పెరిగింది. చాలావాటిలో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష రాసి చేరతారు కాబట్టి పదేళ్ళకే ఇల్లు విడుస్తారు. చదువుకు టైమ్‌టేబుల్ వేసినంత శ్రద్ధగా, సాయంత్రం ఆటలయ్యాక రాత్రి లైట్లు ఆర్పేదాకా ఉండే గంటల గురించి ఎవరూ ఆలోచించలేదు. పిల్లలకు పానం గుంజేది ఆ గంటల్లోనే.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు మూడు వారాల్లో, మళ్ళీ దసరా, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన వారంలో ఇది ఎక్కువ. చాలామంది పిల్లలు ఏడవరు, కడుపునొప్పి అంటారు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, గోలీ ఇచ్చి సిక్ రూమ్‌లో ఒంటరిగా పడుకోబెట్టడం. ఒంటరితనంతో వచ్చిన నొప్పి అక్కడ ఇంకా ముదురుతుంది. రెండోది, ‘నాటకాలు’ అని కొట్టిపారేయడం. అప్పుడు నిజంగా అపెండిక్స్ నొప్పి వచ్చినా ఆ పిల్ల నోరు విప్పదు. అందుకే ముందు జ్వరం, వాంతులు ఉన్నాయేమో చూడాలి. నొప్పి కుడివైపు కిందికి దిగినా, గంటలు గడుస్తున్నా తగ్గకపోయినా ఆస్పత్రికే. అవేమీ లేకుంటే వంటగది దగ్గరో లైబ్రరీలోనో మనుషులున్న చోట చిన్న పని అప్పజెప్పాలి. రాత్రి పక్క మంచం సొంత మండలం పిల్లదయ్యేట్టు చూడాలి.

రెండో భారం వలస. వానాకాలం పంట ఇంటికొచ్చాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ముంబయి, పుణె పనులకు పోయే ‘పాలమూరు లేబర్’ సంగతి దేశమంతా ఎరుగును. కొడంగల్, కోస్గి, మక్తల్, నారాయణపేట దిక్కు ముసలివాళ్ళ దగ్గర మిగిలిన పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు నడిమిట్ల బడి మానేసిన ఆడపిల్లలకు దారి చూపాయి. వీటిలో తిండి, పడక లెక్క ప్రకారం ఉన్నాయి. అమ్మానాన్న ఆరు నెలలు కనబడని పిల్లతో ఏం మాట్లాడాలో మాత్రం ఏ జీవోలోనూ లేదు.

గద్వాల సీడ్ పత్తిది, అంటే విత్తనం కోసం వేసే పత్తిది, ఇంకో తీరు. అక్కడ సాయంత్రం పువ్వుల్లోని మగ భాగాలు గిల్లేసి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. చెట్టు ఎత్తుకు, సన్నని వేళ్ళకు సరిపోతారని ఆడపిల్లలను పిలిచేవారు. రెండు నెలల తర్వాత బడికి తిరిగొచ్చిన పిల్లను క్లాసు ముందర నిలబెట్టి ‘ఇన్నొద్దులు యాడికి పోయినవ్’ అని అడిగితే, మరుసటి వారం ఆ పిల్ల రాదు. హాజరు రిజిస్టర్‌లో ‘డ్రాపౌట్’ అని పడుతుంది కానీ, ఆ ప్రశ్న ఎక్కడా నమోదు కాదు. అలాంటి పిల్లకు మొదటి మూడు రోజులు ప్రశ్నలు వేయకూడదు. చేయగల పనే ఇవ్వాలి. తప్పిపోయిన పాఠాల నోట్సు ఒకే స్నేహితురాలి చేత ఇప్పించాలి.

దీనికి మార్గం దొరికింది బడి బయటే. 1990లలో పక్క రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ బాలకార్మికులను పని నుంచి విడిపించి, బడికి సిద్ధం చేసే బ్రిడ్జి శిబిరాలు నడిపింది. మొదటి రోజుల్లో అక్షరాల కంటే పాటలు, ఆటలు, ముచ్చట్లే ఎక్కువ ఉండేవి. పని ఒత్తిడిలో పెరిగిన పిల్ల ముందు పిల్లలాగా కుదురుకోవాలి, ఆ తర్వాతే అ ఆలు. ఆ పద్ధతిని అప్పుడెవరూ భావోద్వేగ అభ్యసనం అనలేదు. సంస్థను నడిపించిన శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించారు. బెత్తం పోయింది సరే, దాని స్థానంలో ఏం పెట్టాలో చాలా బడుల్లో నేర్పలేదు. బెత్తం ఖాళీ చేసిన చోటుకు వెటకారం వచ్చి చేరింది.

నల్లగొండలో వెటకారానికి ఒక సొంత లక్ష్యం దొరికింది. మర్రిగూడ వంటి మండలాల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉండేది. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. మాట్లాడితే చెయ్యి నోటికి అడ్డం పోయేది. ‘గట్టిగా చదువు, నోరు తెరువు’ అని గద్దించిన టీచర్లకు అది బద్ధకంలా కనిపించింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక పత్రం తర్వాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. ‘విలువల విద్య, జీవన నైపుణ్యాలు’ అని ఒక అంశం పెట్టి గ్రేడు ఇచ్చారు. నా లెక్కన తేడా కొట్టింది ఇక్కడే. గ్రేడు ఉంటే రికార్డు కావాలి, రికార్డు ఉంటే తనిఖీ ముందురోజు కూర్చొని నింపాలి. నలభై మందికీ ‘ఎ’ రాయడానికి పావుగంట చాలు. ఇక పదో తరగతికి జనవరి వచ్చిందంటే ఆ పీరియడ్ లెక్కల సారుదే.

కోవిడ్ మళ్ళీ కదిలించింది. 2020 మార్చిలో మూతపడిన బడులకు 9, 10 తరగతులు 2021 ఫిబ్రవరి 1న వచ్చాయి, అదీ ఎన్నో రోజులు సాగలేదు. మామూలు బడి సెప్టెంబరు దాకా కుదరలేదు. 2020లోనే కేంద్రం పిల్లల మానసిక ఆరోగ్యం కోసం మనోదర్పణ్ అనే కార్యక్రమం ప్రకటించింది, పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద బడికి ఇద్దరు టీచర్లను, ఒక మహిళ, ఒక పురుషుడు, ఎంపిక చేసి 11 అంశాల మీద వారానికో గంట మాట్లాడాలంది. ఆ ఇద్దరూ తమ సబ్జెక్టు బరువు తగ్గకుండానే ఇది మోయాలి.

ఆ గంట నిలవాలంటే ముప్పై మందికి మించకుండా కింద గుండ్రంగా కూర్చోవాలి, టీచరు కూడా కిందే. మాట్లాడే వంతు వచ్చినా ‘నేను చెప్ప’ అనే హక్కు ఉండాలి. ఇక్కడి మాట స్టాఫ్ రూమ్‌కు చేరితే ఆ గుంపు ఇక తెరుచుకోదు. అట్లని ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే పిల్లను ఒంటరిగా వదలకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416కి, కలపాలి.

గురుకులాల్లో రెండో ఆదివారం అమ్మానాన్నలు టిఫిన్ డబ్బాలతో వస్తారు, గేటు దగ్గర చెట్టు కింద చాపలు పరుచుకుంటారు. ఎవరూ రాని పిల్లలు డార్మిటరీలో దుప్పటి కప్పుకొని ఉంటారు, లేదంటే పనేమీ లేకున్నా నల్లా దగ్గర బట్టలు ఉతుకుతుంటారు. వాళ్ళెవరో క్లాస్ టీచరు శుక్రవారానికే రాసి పెట్టుకోవాలి. శనివారం రాత్రి ముంబయిలో పని దిగినంక ఫోన్ కలపాలంటే ఆ జాబితా ముందు చేతిలో ఉండాలి. ఆదివారం పొద్దున అడ్డా మీద ఉన్న తండ్రి ఫోన్ ఎత్తడు.