సాగు స్త్రీలది, పట్టా పురుషులది: ఉమ్మడి విశాఖలో ఒక అంతరం చరిత్ర

ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో, అంటే 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరుపడక ముందున్న హద్దుల్లో, స్త్రీలు లేకుండా సాగు జరిగిన కాలం లేదు. మైదానంలో వరి ఊడ్పులు, కలుపు తీత, మన్యంలో చోళ్ళ, సామల విత్తనాలు ఏరి దాచడం, కాఫీ పండ్లు కోయడం ఎక్కువగా వారి పనులే. అయినా బ్యాంకు రుణానికీ, పంట నష్టపరిహారానికీ ముందుగా అడిగేది పట్టాదారు పాసుపుస్తకం. అందులో పేరు చాలా ఇళ్ళలో పురుషుడిదే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో స్త్రీలు నిర్వహించేవిగా నమోదైనవి సుమారు 14 శాతం.

ఈ అంతరానికి లెక్కలు తీసిన పద్ధతి కూడా ఒక కారణం. 1961 జనగణన పంటకాలంలో క్రమంగా కొంతసేపు పనిచేసినవారిని సైతం శ్రామికులుగా గుర్తించగా, 1971 జనగణన ప్రతి వ్యక్తికీ ప్రధాన వ్యాపకం ఏమిటని అడిగింది. వంట, పిల్లల పెంపకం, పొలం పని అన్నీ చేసే స్త్రీకి ఇంటిపనే ప్రధానమని రాసుకోవడంతో, దేశంలో మహిళా శ్రామికుల సంఖ్య పదేళ్ళలో దాదాపు సగానికి పడిపోయినట్టు కనిపించింది. పొలాల్లో అంత మార్పు రాలేదు. మారింది ప్రధానంగా ప్రశ్న.

వారసత్వ చట్టాల కథ ఇంతకంటే చిక్కైనది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఆ లోటును దేశంలో మొదటగా సరిదిద్దిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా సవరణ తెచ్చింది కానీ, అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలను మినహాయించింది. కేంద్రం 2005లో గానీ ఈ దారికి రాలేదు. వీటిలో ఏదీ పాడేరు, అరకు, చింతపల్లి కొండలకు చేరలేదు; ఎందుకంటే ఆ చట్టమే షెడ్యూల్డు తెగలకు వర్తించదు, అక్కడ వారసత్వం ఆచారాన్ని బట్టి నడుస్తుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని పటిష్ఠం చేసిన 1970 నాటి 1/70 సవరణ గిరిజన భూమి గిరిజనేతరుల పాలు కాకుండా అడ్డుగా నిలిచాయి. వాటి విలువ ఎంత చెప్పినా తక్కువే. అయితే ఇంట్లో ఆ భూమి ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న వాటి పరిధిలోకి రాలేదు. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, స్త్రీకి వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు సమాన హక్కు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పడం ఈ కొండలకూ ముఖ్యమైన విషయమే.

పోడు భూముల విషయంలో మాత్రం చట్టం ముందే స్పష్టంగా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, వివాహితుల విషయంలో హక్కు పత్రాన్ని భార్యాభర్తలిద్దరి పేర్లతో ఉమ్మడిగా నమోదు చేయాలంది. ఈ ప్రాంతపు భూ చట్టాలన్నిటిలో స్త్రీ శ్రమకు అతి దగ్గరగా వచ్చింది ఇదేనని నా అభిప్రాయం.

వ్యవసాయ శాస్త్రంలోనూ ఇలాంటి దూరమే ఉండేది. చెరకు పరిశోధనకు కోయంబత్తూరులో 1912లో, అనకాపల్లిలో 1913లో కేంద్రాలు వెలిశాయి. రెండూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. 1930లలో కోయంబత్తూరులో చెరకును ఇతర గడ్డిజాతులతో సంకరం చేసి జన్యు పరిశోధన సాగించిన జానకి అమ్మాళ్, ఆ రంగంలో దాదాపు ఒంటరి స్త్రీ. 1964లో ఏర్పడి ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అమ్మాయిలకు చాలాకాలం గృహవిజ్ఞానమే తగిన చదువన్న భావన ఉండేది. కొత్త పద్ధతులను రైతులకు చేరవేసే విస్తరణ సేవలూ అదే బాట పట్టి, ఎరువులు, కొత్త వంగడాల గురించి ఇంటి యజమానికీ, పోషకాహారం, పెరటి తోటల గురించి స్త్రీలకూ చెప్పాయి. విత్తనం ఎంపిక చేసే మనిషికి విత్తనం గురించి చెప్పకపోవడం వల్ల శాస్త్రానికి జరిగిన నష్టం తక్కువేమీ కాదు.

2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ క్రమాన్ని కొంత తిప్పింది. అది గ్రామాల్లో స్వయం సహాయక సంఘాల మీద ఆధారపడటంతో ఘనజీవామృతం (పేడ, మూత్రంతో చేసే ఎరువు) తయారీ, విత్తన శుద్ధి వంటివి నేర్చుకుని తోటివారికి నేర్పేవారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని ఒక ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది. అయితే శిక్షణ ఇచ్చే స్త్రీ పేరున భూమి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. కౌలుదారుల కోసం 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమానితో 11 నెలల ఒప్పందం మీద నడుస్తుంది కనుక, భర్త పేరున ఉన్న పొలాన్ని సాగుచేసే భార్యకు అందులోనూ సులువైన చోటు లేదు. ఆమెకు మిగిలే దారి పట్టాలో ఉమ్మడి పేరు, దాన్ని కొండ మీద పోడు భూమికి చట్టం తప్పనిసరి చేసింది, మైదానంలోని మాగాణికి ఇంకా చేయలేదు.