తులం బరువున్న తూటా

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో మా ఆవిడ పాత గాజులు తూకం వేయిస్తుంటే డెన్వర్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. గ్రీన్‌కార్డు వచ్చినప్పటి నుంచి వాడికి ఎల్క్ వేట పిచ్చి పట్టింది. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, కాకపోతే ఇంకా పెద్దది. మగది మూడు వందల కిలోలు ఉంటుంది.

"బావా, నువ్వు ఫిజిక్స్ చెప్తావు కదా. తూటా 180 గ్రెయిన్లది తీసుకోనా, 143దా?" అన్నాడు.

నా కళ్ళ ముందు బంగారం త్రాసు ఉంది. గ్రెయిన్ అంటే గింజ. మనవాళ్ళు గురివింద గింజతో బంగారం తూచినట్టు అక్కడ ధాన్యపు గింజతో తూచేవాళ్ళు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. ఇంగ్లీషువాళ్ళు 1833లో మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. అంటే మావాడు అడిగిన పెద్ద తూటా కచ్చితంగా ఒక తులం, 11.66 గ్రాములు. (ఇప్పుడు షాపులో తులమంటే పది గ్రాములే లెక్క. అది వేరే గొడవ.) చిన్నది తులానికి అయిదో వంతు తక్కువ. మూడు వందల కిలోల జంతువుకి, అరకిలోమీటరు దూరంలో, ఈ అయిదో వంతు తేడా పెద్ద విషయమా? దీనికి జవాబు వెతుకుతూ నాలుగు రోజులు కూర్చున్నాను.

మన దేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు ముగిసింది. అంతకుముందు మాత్రం హైదరాబాద్ షికారుకి పెట్టింది పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన పులివేటగాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వస్తే ఆయన్నీ పులివేటకి తీసుకెళ్ళారు. వనస్థలిపురం దగ్గర ఇప్పుడు కృష్ణజింకలు తిరిగే హరిణ వనస్థలి కూడా ఒకప్పుడు నిజాం వేటస్థలమే. అయితే ఆ కాలపు పులివేట తుపాకులు వేరు. లావుపాటి గొట్టం, బరువైన గుండు, మంచె మీద నుంచి కొన్ని పదుల అడుగుల్లో కాల్పు. అంత దగ్గర్లో గాలికి పని చేసే టైమే దొరకదు. బరువు, లావు ఉంటే చాలు. కొలరాడో కొండల్లో సంగతి అలా కాదు. ఈ లోయ అంచు నుంచి ఆ అంచుకి కాలుస్తారు. అంత దూరంలో లెక్కంతా గాలిదే.

క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం. తూటా రకాల పేర్ల సంగతి మాత్రం అడక్కండి, ఒక పద్ధతీ పాడూ లేదు. .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. .308 విన్‌చెస్టర్ అయితే 1952లో వచ్చింది, అందులో 308 తూటా వ్యాసం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఇక మావాడి మనసు రెండింటి మధ్య ఊగుతోంది. ఒకటి 1963 నాటి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, తులం తూటాని సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పంపుతుంది. రెండోది 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్. ఇది 143 గ్రెయిన్ల తూటాని 823 మీటర్ల వేగంతో పంపుతుంది. మొదటిదాంట్లో పట్టే మందు రెండోదానికి దాదాపు ఒకటిన్నర రెట్లకి పైనే, వెనక్కి తన్నే తన్ను రెండింతలు. ఆ తన్నుకి జడిసి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకునేవాళ్ళు చాలామంది. భుజం ముందుగానే బిగుసుకుంటుంది, గొట్టం కదులుతుంది, ఇక మిగతా లెక్కలన్నీ గంగలో కలిసినట్టే.

తూటా కిందికి జారడం గురించి జనం ఎక్కువ కంగారు పడతారు కానీ, నిజానికి అది తేలిక. 500 మీటర్లు వెళ్ళడానికి ముప్పావు సెకను అనుకుంటే, ఆ ముప్పావు సెకనులో చేతిలోంచి జారిన రాయి ఎంత పడుతుందో తూటా కూడా గొట్టం గీత నుంచి దాదాపు అంతే పడుతుంది. సుమారు రెండు ముప్పావు మీటర్లు. భూమ్యాకర్షణ ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండదు. దూరం తెలిస్తే తుపాకీకి బిగించిన దూరదర్శిని మీద మర తిప్పి సరిచేసుకోవచ్చు, దూరం చెప్పడానికి లేజర్ పరికరం ఉండనే ఉంది.

అడ్డగాలి అలా లొంగదు. ఒక సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ వంతెన మీద నిలబడి చూశాను. రెండు స్తంభాల మధ్య దాదాపు 234 మీటర్లు. నా పక్కన బుడగలమ్మే కుర్రాడి బుడగలన్నీ ఎడమకి వాలి దారాలు లాగుతున్నాయి. అవతలి స్తంభం దగ్గర సెల్ఫీ దిగుతున్న అమ్మాయి చున్నీ మాత్రం కదలకుండా వేలాడుతోంది. కింద చెరువులో నడిమధ్య ఒక్కచోటే నీళ్ళు ముడతలు పడుతున్నాయి, మిగతాదంతా అద్దం. 234 మీటర్లలో మూడు గాలులు! ఎల్క్ వేటగాడి దూరం ఇంతకి రెండింతలు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది పది మీటర్ల పోటీలో, అక్కడ గాలి గొడవ లేదు. ఆరుబయట యాభై మీటర్ల పోటీకే దారి పొడుగునా చిన్న జెండాలు పాతుతారు. లోయలో జెండాలు ఎవడు పాతాలి?

ఇక్కడ ఫిజిక్స్‌లో ఒక ముచ్చటైన సంగతుంది. అడ్డగాలి తూటాని ఎంత పక్కకి నెడుతుంది? గాలి వేగాన్ని ప్రయాణ సమయంతో గుణిస్తే సరిపోతుందని మా పిల్లలు టక్కున చెబుతారు. తప్పు. అలాగైతే సెకనుకు 4 మీటర్ల గాలికి 500 మీటర్ల దూరంలో మూడు మీటర్లు పోవాలి. నిజంగా పోయేది అరమీటరు అటూ ఇటూ. గుణించాల్సింది మొత్తం సమయంతో కాదు, ఆలస్యంతో. గాలన్నదే లేని శూన్యంలో తూటా ఎంతసేపట్లో చేరేదో చూడండి, గాలి రాపిడి వల్ల ఎంతసేపట్లో చేరిందో చూడండి. ఆ తేడానే ఆలస్యం. ఎందుకంటే గిరగిరా తిరిగే తూటా తనకి ఎదురొచ్చే గాలివైపుకి ముక్కు కాస్త తిప్పుకుంటుంది. గాలి దాన్ని ముక్కు నుంచి తోకవైపుకి లాగుతుంది, ఆ లాగుడు కాస్త ఏటవాలు కాబట్టి అందులో కొంత పక్కకి పోతుంది. అంటే వేగం తగ్గించే బలమే పక్కకి కూడా నెడుతుంది. వేగం పోగొట్టుకోని తూటాని గాలి నెట్టలేదు.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది. .308లో 168 గ్రెయిన్ల తూటా సెకనుకు 808 మీటర్లతో బయల్దేరితే 500 మీటర్లకి ఆలస్యం సుమారు 0.15 సెకను. 4 మీటర్ల గాలిలో 60 సెంటీమీటర్లు పక్కకి. 6.5ది సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆలస్యం 0.10 దగ్గరే ఆగుతుంది, 40 సెంటీమీటర్లు. రెండింతల తన్ను తన్నే మాగ్నమ్ మామూలు తులం తూటాతో 45 దగ్గర ఉంటుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే మేర జానెడున్నర. గాలిని చూసుకోకపోతే మూడూ తప్పుతాయి. కానీ గాలిని కాస్త తప్పుగా అంచనా వేసినా, 6.5 లోపల పడే అవకాశం ఎక్కువ.

పొడుగు తూటాకి ఖర్చు కూడా ఉంది. బొంగరం ఎంత పొడుగైతే అంత జోరుగా తిప్పాలి, లేకపోతే తల వాలుస్తుంది. అందుకే క్రీడ్‌మూర్ గొట్టంలోని మెలికలు ప్రతి 8 అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయి. లెక్క వేస్తే తూటా సెకనుకు నాలుగు వేల చుట్లు తిరుగుతూ బయటికొస్తుంది. అచ్చం రాగి తూటాలకి ఈ సమస్య ఇంకా ఎక్కువ. సీసం కంటే రాగి తేలిక, అదే బరువుకి ఇంకా పొడుగు కావాలి. అయినా అవి పెరుగుతున్నాయి, ఎందుకంటే వేటలో మిగిలిన పేగుల్లోని సీసపు ముక్కలు తిని కాండర్ రాబందులు చచ్చిపోతున్నాయి. 2019 నుంచి కాలిఫోర్నియాలో వేటకి సీసం తూటా నిషేధం.

గురి కుదిరాక కూడా తూటా పని అయిపోలేదు. యుద్ధానికీ వేటకీ నియమాలు తలకిందులు. కలకత్తా విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్ తెలుసు కదా, అక్కడి ఆయుధ కర్మాగారంలో 1890ల్లో ముక్కు తెరిచిన తూటా తయారుచేశారు. ఒంట్లోకి వెళ్ళి పుట్టగొడుగులా విచ్చుకునేది. మనుషుల మీద అది మహా క్రూరమని 1899 హేగ్ సమావేశం యుద్ధంలో నిషేధించింది. కొలరాడోలో ఎల్క్ వేటకి మాత్రం విచ్చుకునే తూటానే వాడాలని రూలు. విచ్చుకోకపోతే సన్నని చిల్లు పడి, జంతువు మైళ్ళు పరిగెత్తి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది.

విచ్చుకోవడానికి వేగం కావాలి. చాలా తూటాలకి తగిలే క్షణంలో సెకనుకు 550 మీటర్లయినా ఉండాలి. మరీ ఎక్కువైనా ఇబ్బందే. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలో మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద దుప్పి) కాలిస్తే, బురద గట్టిపడిన చర్మం మీదే తూటాలు చిట్లిపోయాయి. ఆ కోపంతో ఆయన మధ్యలో అడ్డుగోడ ఉన్న తూటా చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం దూసుకుపోతుంది. పార్టిషన్ అనే ఆ తూటా ఇప్పటికీ అమ్ముతున్నారు.

శక్తి లెక్క కూడా మావాడికి వేసిచ్చాను. బయల్దేరేటప్పుడు .308ది 3,550 జౌళ్ళు, 6.5ది 3,140. 500 మీటర్ల దగ్గర చూస్తే .308 సుమారు 1,450కి పడిపోతుంది, 6.5 దగ్గర 1,670 మిగులుతుంది. తాబేలు కుందేలు వ్యవహారం. ఎల్క్‌కి 2,000 జౌళ్ళు పైన ఉండాలని అక్కడి వేటగాళ్ళు పెట్టుకున్న లెక్క. దాన్ని నేను పూర్తిగా నమ్మను, చంపేది జౌళ్ళు కాదు, చిల్లు ఎక్కడ పడిందన్నది. అయినా కొత్తవాడికి అది మంచి కళ్ళెం. ఆ లెక్కన మాగ్నమ్ 500 మీటర్లకీ సరిపోతుంది, 6.5 మాత్రం 350 దగ్గరే ఆగాలి. కొండ ఎత్తులో గాలి పల్చన, మూడు వేల మీటర్ల మీద సముద్రమట్టం కంటే నాలుగో వంతు తక్కువ, కాబట్టి ఇంకాస్త దూరం కలిసొస్తుంది.

"అయితే మాగ్నమే కొననా బావా?"

"ఒరేయ్, ముప్పావు సెకనులో ఎల్క్ ఒక అడుగు వేస్తే?"

మామూలు నడకలో అది మీటరు జరుగుతుంది. గుండెకి పెట్టిన గురి పొట్టలో పడుతుంది. దీనికి ఏ క్యాలిబర్‌లోనూ మందు లేదు.

వాడు 6.5 కొన్నాడు, 143 గ్రెయిన్ల తూటాలతో. తుపాకీ మడమ మీద తెల్ల టేపు అంటించి 350 అని రాసుకున్నాడు. ఫొటో పంపితే మా ఆవిడకి చూపించాను. తులం లెక్క, గాలి లెక్క అన్నీ విన్నాక తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది, "మూడు వందల కిలోలు ఏ ఫ్రిజ్‌లో పెడతావురా?"