ప్రాగ్ వెళ్ళబోయే మా పిల్లలకి

చిన్నూ, బుజ్జీ,

ఫోన్లో నేను చెప్తుంటే మధ్యలోనే మీ గేమ్ మొదలైపోతోంది, అందుకే రాస్తున్నా. వచ్చే వేసవిలో మావయ్య మిమ్మల్ని కూడా చెక్ దేశపు రాజధాని ప్రాగ్ తీసుకెళ్తానన్నాడు కదా, మేం చేసిన తెలివితక్కువ పని మీరు చేయకండి. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని మరీ జోసెఫోవ్ అనే పాత యూదుల పేటకి వెళ్ళాం. చూద్దామనుకున్న సినగాగులన్నీ మూసేసి ఉన్నాయి! సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. వాళ్ళకి శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడేదాకా విశ్రాంతి రోజు. సరే, పెద్ద చర్చి అయినా చూద్దామని ఆదివారం పొద్దున వెళ్తే అక్కడ ప్రార్థన జరుగుతోంది, మధ్యాహ్నం దాకా చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆగాల్సిందే. తాతయ్య అలిగాడు. తప్పు మాదేలే, మన గుడికి వెళ్ళేముందు నైవేద్యం టైమ్ కనుక్కోమా?

ఆ పెద్ద చర్చి పేరు సెయింట్ వైటస్. కోటలోనే ఉంటుంది. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు, తీసివేత మీరే వేసుకోండి. మధ్యలో యుద్ధాలు, డబ్బులేమి, వందల ఏళ్ళు సగం గోడలతోనే ఉండిపోయింది. మన ఊరి ఫ్లైఓవర్‌ని నేనింక తిట్టను. ఎడమవైపు ముఖా అనే చిత్రకారుడు చేసిన రంగుల అద్దాల కిటికీ ఉంటుంది. ఎండ పడితే నీలం, పచ్చ రంగులు నేలమీదికి దిగుతాయి. కిటికీ కింది భాగం చూడండి, ఖర్చు పెట్టుకున్న బ్యాంకు పేరు రాసి ఉంటుంది. అచ్చం మన గుళ్ళో ట్యూబ్‌లైటు మీద దాతల పేరు రాసినట్టే, నాకు భలే నవ్వొచ్చింది.

ఊళ్ళోకి దిగితే సెయింట్ జేమ్స్ చర్చిలో గుమ్మం దగ్గర పైన ఎండిపోయిన చెయ్యి ఒకటి వేలాడుతుంటుంది. మేరీమాత విగ్రహం నగలు కాజెయ్యబోయిన దొంగ చేతిని ఆ విగ్రహమే పట్టేసుకుంటే నరికి విడిపించాల్సి వచ్చిందట. కథే అనుకోండి, అమ్మవారి గుళ్ళో దొంగకి కళ్ళు పోయాయని మా చిన్నప్పుడు చెప్పేవాళ్ళు, ఆ బాపతు. చిన్నూకి ఇది నచ్చుతుందని తెలుసు. టిన్ చర్చిలో టైకో బ్రాహే సమాధి ఉంది, టెలిస్కోప్ లేని రోజుల్లో వట్టి కళ్ళతో నక్షత్రాల లెక్కలు కట్టినాయన. కత్తియుద్ధంలో ముక్కు తెగితే లోహపు ముక్కు పెట్టుకు తిరిగాడు.

నాకు మాత్రం బాగా నచ్చింది ఇంకో చర్చిలోని బాలయేసు. మూరెడు బొమ్మ, చెక్క మీద మైనం పూసి చేసింది, స్పెయిన్ నుంచి వచ్చింది, 1628లో ఒక పెద్దింటావిడ అక్కడి సన్యాసులకి ఇచ్చేసింది. పండగకో రంగు బట్టలు మారుస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పట్టుబట్టలు పై గదిలో పెట్టారు, మహారాణి మరియా థెరీసా ఇచ్చిన ఆకుపచ్చ గౌను కూడా ఉంది. ఉత్సవ విగ్రహం అలంకారం చూసినట్టే అనిపించి చాలాసేపు కదల్లేదు.

మళ్ళీ సోమవారం జోసెఫోవ్ వెళ్ళాం. అక్కడి ఓల్డ్-న్యూ సినగాగ్ దాదాపు 1270 నాటిది, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. లోపలికి మెట్లు దిగి వెళ్ళాలి, ఎందుకంటే ఇన్నేళ్ళలో చుట్టూ వీధి ఎత్తు పెరిగింది. మగవాళ్ళు తల కప్పుకోవాలి, లేకపోతే అక్కడే టోపీ ఇస్తారు. తాతయ్య బట్టతల మీద అది నిలవదు, ఒక చెయ్యి నెత్తిమీదే పెట్టుకుని తిరిగాడు. రబ్బీ లేవ్ అనే గురువు నది ఒడ్డు మట్టితో గోలెమ్ అనే మనిషిని చేసి, ప్రాణం పోసి, తనవాళ్ళకి కాపలా పెట్టాడని అక్కడి కథ. పార్వతీదేవి నలుగుపిండి బొమ్మని చేసి కాపలా పెట్టలేదూ! ఆ మట్టి ఇంకా ఈ సినగాగ్ అటక మీదే ఉందంటారు, పైకి ఎవర్నీ ఎక్కనివ్వరు. పక్క భవనం మీద రెండు గడియారాలున్నాయి, కింది దాని మీద అంకెల బదులు హీబ్రూ అక్షరాలు. ఆ భాష కుడి నుంచి ఎడమకి చదువుతారు కదా, ముళ్ళు కూడా వెనక్కి తిరుగుతాయి.

అక్కడి యూదుల స్మశానంలో సమాధి రాళ్ళు దాదాపు 12 వేలు, ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉంటాయి. వాళ్ళకి వేరే చోట స్థలం ఇవ్వలేదు, పాత సమాధి తవ్వడం వాళ్ళ మతంలో తప్పు, అందుకని పైన మట్టి పోసి మళ్ళీ మళ్ళీ పూడ్చారు. కొన్నిచోట్ల 12 వరసలట. పూలు కాదు, గులకరాళ్ళు పెడతారు.

దాన్ని ఆనుకునే పింకాస్ సినగాగ్. ఇక్కడ పరిగెత్తకండి నాన్నా. గోడలనిండా పేర్లే, హిట్లర్ మనుషులు చంపిన దాదాపు 78 వేల మంది చెక్ యూదుల పేర్లు, చేత్తో రాసినవి. ఇంటిపేరు ఎర్రగా, మనిషి పేరు నల్లగా, పుట్టిన తేదీ పక్కన. 1936 అని ఉన్నచోట నా చూపు ఆగిపోయింది, మా పెద్దక్క పుట్టిన ఏడాది అది. పై అంతస్తులో టెరెజిన్ అనే ఊళ్ళో బంధించి ఉంచిన పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. ఫ్రీడల్ డికర్ అనే టీచరమ్మ వాళ్ళకి నేర్పేది. 1944లో ఆవిడని ఆష్విట్జ్ అనే చంపే శిబిరానికి పంపేసే ముందు రెండు పెట్టెల్లో దాదాపు 4,500 బొమ్మలు సర్ది దాచిపెట్టించింది. ఆవిడ తిరిగి రాలేదు, ఆ పిల్లల్లోనూ చాలామంది రాలేదు. ఇళ్ళు, పూలు, సీతాకోకచిలుకలు, మీరు వేసేవే.

బుజ్జీ, నువ్వక్కడ ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండు. మావయ్య టైమవుతోందంటాడు, వినిపించుకోకు.

మీ అమ్మమ్మ