మీ ఫోన్ ట్యాప్ అయిందా? కడప కౌంటర్ దగ్గర వినే అపోహలు, అసలు సంగతులు

కడప ఏడు రోడ్ల దగ్గర మొబైల్ రిపేరు, సీసీ కెమెరాల పని చేస్తాను. 2024లో హైదరాబాద్ ట్యాపింగ్ కేసు టీవీల్లో మోగిపోయినప్పటి నుంచి చాలామంది గొంతు తగ్గించి అడిగే మాట ఒకటే: "అన్నా, నా ఫోన్ ఎవరో వింటున్నారు, చూడు." రోజూ చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కాల్‌లో టిక్కు టిక్కుమన్నా, గొంతు రెండుసార్లు వినబడినా ట్యాపింగే.

కాదు. సిగ్నల్ సరిగ్గా లేకపోయినా, అవతలివాళ్లు స్పీకర్ పెట్టుకున్నా అట్లే వస్తుంది. ప్రభుత్వం చట్టప్రకారం వినాలంటే మీ ఫోన్ ముట్టుకునే పనే లేదు, అంతా నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే అయిపోతుంది. శబ్దం రాదు, బ్యాటరీ తగ్గదు. దానికి మామూలుగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఆర్డర్ కావాలి. 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు దీనికి పగ్గాలు వేసింది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఒక ఆర్డర్ 60 రోజులు నడుస్తుంది, ఎన్నిసార్లు పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. నిబంధన ఉన్నంత మాత్రాన ఎవరూ దాన్ని దాటరని నేననను. కానీ పులివెందుల దగ్గర అరటి తోట చేసుకునే మనిషి మాటలు వినడానికి అంత పెద్ద ఆఫీసరు సంతకం పెడతాడా, మీరే చెప్పండి.

అపోహ: స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొడితే ట్యాపింగ్ బయటపడుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మాట ఇది. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: మీకొచ్చే కాల్స్ వేరే నంబర్‌కు మళ్లుతున్నాయా లేదా అని. ఫోన్ అందుబాటులో లేనప్పుడు కాల్స్ ఎటు పోతాయో చూపే స్టార్ హ్యాష్ 62 హ్యాష్ కొట్టి, తెలియని నంబర్ కనబడగానే బెదిరిపోతారు. చాలాసార్లు అది కంపెనీవాళ్ల మిస్డ్ కాల్ అలర్ట్ నంబరే. అసలు మోసం ఇంకోటుంది. కొరియర్ పేరుతో ఫోన్ చేసి, "స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబర్ వేయండి" అంటారు. వేశారంటే మీ కాల్స్, ఓటీపీ చెప్పే కాల్స్‌తో సహా, వాడికి పోతాయి. ఈ దెబ్బకే 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్‌తో కాల్ మళ్లించే సౌకర్యాన్ని ఆపమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. అనుమానముంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి చూసుకోండి.

అపోహ: వినేవాడు ఎక్కడో పెద్ద ఆఫీసులో కూర్చుని ఉంటాడు.

నా కౌంటర్ మీద తేలేది వేరే. మీ ఫోన్ ఐదు నిమిషాలు చేతికి దొరికేవాళ్లు, లాక్ తెలిసినవాళ్లు. ప్రొద్దుటూరు నుంచి ఒక బంగారం వ్యాపారి వచ్చాడు. తను పార్టీకి చెప్పిన రేటు పక్క షాపుకు ముందే తెలిసిపోతోందని ఆయన టెన్షన్. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే ఒక విండోస్ కంప్యూటర్ ఇంకా కూర్చునే ఉంది. బిల్లులు ప్రింట్ తీయడానికి జిరాక్స్ షాపులో స్కాన్ చేసి, లాగౌట్ మరిచిపోయాడు. రేటు అక్కణ్నుంచే పోయిందో లేదో నేను చెప్పలేదు, లాగౌట్ మాత్రం కొట్టించాను. మీరూ ఒకసారి చూసుకోండి, వాట్సాప్ ఒకేసారి నాలుగు పరికరాల దాకా ఒప్పుకుంటుంది.

రెండోది, గూఢచారి యాప్‌లు. "సిస్టమ్ సర్వీస్" లాంటి పెద్దమనిషి పేరు పెట్టుకుని దాక్కుంటాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పోయి తెలియని యాప్‌కు అనుమతి ఉందేమో చూడండి, ప్లే స్టోర్‌లో యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్‌ను ఎవరైనా ఆపేశారేమో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు, కెమెరా వాడుతుంటే స్క్రీన్ పైన పచ్చ గుర్తు వెలుగుతుంది. అయితే అది వెలగకపోతే ఫోన్ శుభ్రమని కాదు. ఆడపిల్లలకు ఒక మాట: అలాంటి యాప్ కనబడితే వెంటనే తీసేయొద్దమ్మా. తీసిన సంగతి పెట్టినవాడికి తెలిసిపోవచ్చు. ముందు ఇంకో ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసుకోండి. భయంగా ఉంటే 181కి చెప్పండి. మహిళ ఫోన్‌ను, నెట్ వాడకాన్ని ఇలా దొంగచాటుగా గమనించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం.

ఇక దాచిపెట్టిన కెమెరాల సంగతి. ట్రయల్ రూమ్ అద్దానికి వేలు ఆనించి చూసే పరీక్షను నమ్మొద్దు, అద్దం రకాన్ని బట్టి తప్పు చూపిస్తుంది. లైటు ఆర్పి, టార్చ్‌ను కంటి పక్కనే పట్టుకుని హుక్కులు, ప్లగ్గులు, పొగ అలారం మీద మెల్లగా తిప్పండి. లెన్స్ ఉంటే సన్నటి చుక్కలా మెరుస్తుంది. వైఫై స్కాన్ చేసే యాప్‌లతో అన్నీ దొరకవు, మెమరీ కార్డు కెమెరాకు నెట్‌తో పనే లేదు. దొరికితే ముట్టుకోకుండా 112కు ఫోన్ చేయండి.

చివరిగా మా పనిలో గుట్టు. ఇంట్లో కెమెరాలు బిగించినవాడి ఫోన్‌లోనే తొలి అకౌంట్ తెరిచి, దాన్నే అడ్మిన్‌గా వదిలేయడం మామూలు. అంటే మీ హాలు అతనికీ కనబడుతుంది, మైకు ఉంటే వినబడుతుంది కూడా. డబ్బులిచ్చే ముందే అకౌంట్ మీ నంబర్ మీదికి మార్పించుకోండి, డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె) పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చండి, యూజర్ల జాబితాలో అతని పేరు తీయించండి. "ఎందుకు సార్, సర్వీసుకు పనికొస్తుంది" అంటారు. సర్వీసుకు వచ్చిన రోజు మీరే తెరిచి ఇవ్వొచ్చు.